పక్క మొహం

ఆయనను పెట్టెలో పడుకోబెట్టిన రోజున గాని నేను ఆయన మొహం నిండుగా చూడలేదు. భువనగిరి బస్టాండు వెనక సందులో నాది జిరాక్స్ దుకాణం. ఎదురుగా ఆయనది కట్టె బొమ్మల దుకాణం. రంపం మిషన్‌ను పక్క గోడ వైపు తిప్పి పెట్టుకునేవాడు కాబట్టి, పొద్దున షటర్ ఎత్తినప్పటి నుంచి సాయంత్రం దించేదాకా నాకు కనిపించేది ఆయన కుడి చెంప, కుడి చెవి, ఆ చెవి మీద పెన్సిలు. మాట్లాడినా అటే చూస్తూ మాట్లాడేవాడు, నా బల్ల దగ్గరికొచ్చినా సందులోకి చూస్తూ పక్కకే నిలబడేవాడు. అందుకని పెట్టె దగ్గర నిలబడి, నేను వేరే ఎవరి చావుకో వచ్చానా అని ఒక క్షణం బిత్తరపోయాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన పేరు చెప్పను. దుకాణం బోర్డు మీదే రాయించుకోని మనిషి, నేను రాస్తే ఊరుకుంటాడా? ఊరందరికీ బొమ్మలాయన. నాకు అన్న. నన్ను మామూలుగా "చెల్లె" అనేవాడు, కోపమొస్తే "జిరాక్సమ్మా" అనేవాడు. రోజులో జిరాక్సమ్మనే ఎక్కువ.

ఆయన పని ఎలాంటిదో ముందే చెప్పాలి. నలుచదరంగా కోసిన టేకు దిమ్మె ఒకటి తీసుకుంటాడు. గుర్రం బొమ్మ చేయాలంటే, గుర్రం ముందు నుంచి ఎలా కనిపిస్తుందో ఆ గీతను దిమ్మె ఒక వైపు అంటిస్తాడు. పక్క నుంచి ఎలా కనిపిస్తుందో ఆ గీతను దాని పక్క వైపు అంటిస్తాడు. మిషన్‌లో రంపం దారమంత సన్నగా ఉంటుంది, కుట్టు మిషన్ సూదిలాగా కిందికీ మీదికీ ఆడుతుంది. మొదటి గీత వెంబడి కోస్తాడు. కోసిన తుక్కును పారేయడు. దేని జాగాలో దాన్ని మళ్లీ పెట్టేసి, దిమ్మె చుట్టూ టేపు బిగించి చుడతాడు. తర్వాత దిమ్మెను తిప్పి రెండో గీత వెంబడి కోస్తాడు. అంతా అయ్యాక చూస్తే అది మళ్లీ మామూలు దిమ్మెనే, కోసిన ఆనవాలు తప్ప ఏమీ ఉండదు. టేపు విప్పి ముక్కలు ఒక్కొక్కటే ఊడదీస్తే మధ్యలోంచి గుర్రం బయటికొస్తుంది.

"ఒక్క గీత తోని కోస్తె అయ్యేది బిస్కెట్, చెల్లె. రెండు గీతలు కలిస్తెనే పానం" అనేవాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావంటే, "ఫోన్ల" అనేవాడు. ఫోన్‌లో మేమూ చూస్తాం, మాకు వంటలు తప్ప ఏం కనపడవు.

ఆ గీతలు పెద్దవి చేయడం, చిన్నవి చేయడం నా పని. "జర తగ్గియ్యి, జర పెంచు" అని సందు అవతల నుంచి అరిచేవాడు. రెండు కాగితాల్లో బొమ్మ ఎత్తు ఒకటే రావాలి, ముందు గీతలో గడ్డం ఎక్కడుందో పక్క గీతలో గడ్డం అక్కడే ఉండాలి. వెంట్రుకంత తేడా వచ్చినా కాగితం నా బల్ల మీదికి తిరిగి వచ్చేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "గుర్రానికి గడ్డమేందన్నా, ఏమన్న పెండ్లి చూపులకు తీస్కపోతున్నవా?" అంటే చెంప మీద నవ్వు కనిపించేది.

వదినది నారాయణపేట. మాటలో అక్కడక్కడా కన్నడం దొర్లేది. పిల్లల్లేరు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, మిషన్‌కీ గోడకీ మధ్యనున్న ఇరుకులో దూరి ఆయనకు ఎదురుగా నిలబడేది. మిషన్ చప్పుడులో ఏమీ వినబడదు కదా, ఆమె పెదవులు చూసి ఆయన మాట పట్టుకునేవాడు. ఎంత పోట్లాటైనా అట్లాగే, చప్పుడు లేకుండా. పోతూ పోతూ నాకు చెప్పేది: "సూడు చెల్లె, గీయన కాపురం నాతోని గాదు, రంపం తోని."

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమెను పట్నంలో ఒక దవాఖానకు తీసుకుపోయారు. తిరిగి వచ్చినప్పుడు మూటలో వచ్చింది. విప్పకూడదన్నారు, విప్పలేదు. పాస్టరు గారు, ఆయన, ఇంకెవరో ఒకరిద్దరు పోయి గుట్ట దిక్కున సమాధుల తోటలో పెట్టి వచ్చారు.

దుకాణం తెరిచినాక ఆయన చేసిన మొదటి పని, గుర్రాలను, ఒంటెలను, చదరంగం పావులను గంపలో పోసి చర్చి పిల్లలకు పంచేయడం. రెండో పని, వదిన ఓటరు కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టడం. "గీ మొకం పెద్దగ చెయ్యి" అన్నాడు. వదిన బొమ్మ చేయాలన్నది ఆయన పట్టుదల. ముందు గీత ఒక్క రోజులో గీశాడు. వదిన వదినలాగే ఉంది, ఏదో అనబోతున్నట్టే ఉంది. పక్క గీత దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

ఆయనకు ఆమె పక్క మొహం గుర్తులేదు. ఎప్పుడూ ఎదురుగానే నిలబడిన మనిషి. పెళ్లి ఫోటోల్లో రెండు పక్కలా తెల్లటి ముసుగు. ఫోన్ ఎత్తితే చాలు, వదిన బడిపిల్లలాగా చేతులు దించి సూటిగా నిలబడేది. నన్ను అడిగాడు. నేనేం తక్కువ చూశానా ఆమెను? "ముక్కు జర చప్పిడి" అన్నాను. గీశాడు. కాదు. "పోనీ జర పొడుగు." గీశాడు. అదీ కాదు. చర్చిలో అడిగాడు, పాలామెను అడిగాడు, నారాయణపేట పోయి బామ్మర్దిని కూర్చోబెట్టి అతని ముక్కు గీసుకొచ్చాడు. ఆ కాగితం చింపి మోరి కాల్వలో పడేయడం నేను చూశాను. అప్పటినుంచి ఆయన బతుకంతా ఆ ఒక్క గీత కోసమే.

గోడకు అంటించిన వదిన ముందు గీతను చూసి జనం రావడం మొదలుపెట్టారు. ఆ ఏడు ఏ ఇంట్లో చావు లేదు? మా నాయినది చెయ్యి, మా అవ్వది చెయ్యి అని ఆధారు కార్డులు పట్టుకొచ్చేవాళ్లు. ఆయన అందరినీ ఒకే మాట అడిగేవాడు: "పక్కకెంచి ఎట్లుంటుండె?"

నోళ్లు పడిపోయేవి. అన్నదమ్ములు సందులో నిలబడి తండ్రి ముక్కు కోసం కొట్లాడుకోవడం నేను కళ్లారా చూశాను. ఒకాయన వంకర అన్నాడు, ఇంకొకాయన "నీదే వంకర, నాయినది కాదు" అన్నాడు. అన్న లోపలి నుంచి కసిరేవాడు. "ఒక్క తలెల తింటిరి, ఒక్క కప్పు కింద పంటిరి. ముక్కు యాదికి లేదా? ముందట్నుంచి సూసేది ఆధారు కార్డయ్యా. పక్కకెంచి సూస్తెనే మనిషి." ఒక్క పిల్ల మాత్రం తడుముకోకుండా చెప్పింది. రోజూ అవ్వ పక్కలో పడుకునేదట. కళ్లు మూసుకుని, అవ్వ నుదుటి నుంచి గడ్డం దాకా వేలితో గాలిలో గీసి చూపించింది. ఆ గాలి గీతను ఆయన అట్లాగే కాగితం మీదికి ఎక్కించాడు.

ముక్కలు ఆయన తీసేవాడు కాదు. అది ఆయన పెట్టుకున్న ఆచారం. టేపు చుట్టిన దిమ్మెను ఇంటివాళ్ల చేతిలో పెట్టి "మీ మనిషిని మీరే తీస్కోండ్రి" అనేవాడు. వాళ్లు తొందరపడి ముక్కలు లాగుతుంటే "ఆగం గావొద్దు, లోపల్నే ఉన్నది, యాడికి పోతది" అనేవాడు. తుక్కు ముక్కలు కూడా కవరులో వేసి ఇచ్చేవాడు, పొయ్యిలో పెట్టొద్దని చెప్పి.

మా అమ్మది కూడా చేయించుకున్నాను. మా అమ్మ పక్క మొహం నాకు తెలియకపోవడమేమిటని గొప్పకు పోయి నోరు తెరిచాను, మాట రాలేదు. "సరే తియ్యి, నేను జూస్కుంట" అన్నాడు. ముక్కలు ఊడదీస్తే మా అమ్మ బయటికొచ్చింది, పింఛను ఫోటోలో ఉన్న అదే చిరాకుతో. ఏడ్చుకుని, కళ్లు తుడుచుకుని, గల్లాపెట్టె మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని అనుకోకుండా పక్క నుంచి చూశాను. అక్కడున్నది మా అమ్మ కాదు. ముక్కు దూలం మీద చిన్న ఎత్తు, పై పెదవి కొంచెం లేచి మంచినీళ్లు అడగబోతున్నట్టు, గడ్డం లోపలికి. ఎవరో ఒక పెద్దామె.

నాకు తెలియని గుర్తేదో ఆయనకు తెలిసిందేమో అని సర్దుకున్నాను. చనిపోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే పెత్తరమాస నాడు మా వీధిలో ఒకరింటికి పోతే, బియ్యం కూరగాయలు పెట్టిన చాట పక్కన వాళ్ల తాత బొమ్మ ఉంది. నేను కూర్చున్నది పక్క వైపు. తాతకూ అదే ముక్కు. మీసం కింద అదే పెదవి. చేతిలో బూరె పట్టుకుని, తినలేక, మింగలేక లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఎక్కడ ఆయన బొమ్మ కనిపించినా పక్కకు పోయి చూడటం రోగమైపోయింది. అవ్వలో, తాతలో, నడివయసు కొడుకులో, అందరి పక్కనా ఆమే నిలబడి ఉంది. వేలితో గీసి చూపించిన ఆ పిల్ల అవ్వ మాత్రం ఆ పిల్ల అవ్వే.

మా అమ్మ బొమ్మ పట్టుకుని పోయి ఆయన మిషన్ బల్ల మీద పక్కకు తిప్పి పెట్టాను. "అన్నా, గీమె ఎవరు?"

మిషన్ ఆపేశాడు. "గుర్తువట్టినవా చెల్లె? నీకు తెలుసా ఆమె?" ఆ గొంతులో అంత ఆశ ఎందుకో నాకు అర్థం కాలేదు.

"నాకేం తెలుసు? వదిననా?"

"వదిన గాదు" అన్నాడు. గోడవైపే చూస్తూ చెప్పుకొచ్చాడు. "దవాఖాన ఎనకాల మమ్ముల వరుసల నిలవెట్టిన్రు. నా వంతు రాంగనే, దూరంకెంచి సంచి జర తీసి సూపిచ్చిన్రు. పక్కకెంచి. 'మీ మనిషేనా' అన్నరు. తలకాయ ఊపిన. ముందట్నుంచి సూపిస్తె చెప్తుంటి చెల్లె. ఎనక మంది నూకుతున్నరు, ఏడుస్తున్నరు. ఊపిన."

"మరి?"

"ఇంటికొచ్చినంక వదిన బొమ్మ చేద్దామంటె, పక్క గీత అనంగనే గా సంచిల మొకమే వస్తున్నది. సరే, గదే ఆమె మొకం అనుకున్న. గీసిన. ముందటి గీత పక్కన పెట్టి సూసిన. కూసోలే. గడ్డం కాడ గడ్డం లేదు, ముక్కు కాడ ముక్కు లేదు. నువ్వు ఎంత పెంచినా, ఎంత తగ్గిచ్చినా కూసోలే. యాదున్నదా, గొడవ వెట్టుకున్నవు నాతోని? గా రెండు గీతలు ఒక్క మనిషివి గావు చెల్లె. నేను బొంద వెట్టింది నా పెండ్లాన్ని గాదు."

నాకు గుర్తుంది. కాగితాలు ఖరాబు చేస్తున్నావని అరిచిన రోజు అది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. దవాఖానకు పోయి అడిగాడట. కాయితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, సంతకం కూడా నీదే అన్నారట.

"ఆమె గూడ ఎవలకో తల్లే గద" అన్నాడు. "ఆమె అనుకొని ఎవలో నా మనిషిని తీస్కపోయి ఏడుస్తనే ఉంటరు. గీ బొమ్మలు ఇంటింటికి పోతున్నయి, ఊరూరు తిరుగుతున్నయి. ఎవలన్న ఒక్కలు, 'గీమె మా ఆమె లెక్కుంది' అనకపోతరా? గప్పుడు అడుగుత, మరి నా మనిషి యాడున్నదని."

జాలి తర్వాత వచ్చింది, ముందు నాకు మండిపోయింది. "గందుకని మా అమ్మ మొకం మీద పరాయామెను ఎక్కిస్తవా?"

"మీకు యాదున్న జాగల పెట్టలే చెల్లె" అన్నాడు మెల్లగా. "మీలో ఎవ్వలకు యాదికి లేని జాగలనే పెట్టిన."

బొమ్మ తీసుకుని వచ్చేశాను. కాని పారేయలేదు. కొన్నాళ్లకు నేనే దాన్ని గల్లా మీద రోడ్డు వైపుకు పక్క మొహం పడేటట్టు తిప్పి పెట్టాను. సందు అవతల మిషన్ ఒక్కసారి ఆగి మళ్లీ మొదలైంది, అంతే. ఆ తర్వాత మా మధ్య ఆ మాట రాలేదు.

ఆదివారం ఆరాధన కాగానే సమాధుల తోటకు పోయేవాడు. గడ్డి పీకి, పూలు పెట్టి వచ్చేవాడు. "పేరు తెల్వదాయె, ఏమని పిలుస్తం? 'ఏమమ్మా, మంచిగున్నవా' అంట" అని ఒకసారి తనే చెప్పాడు. సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తే, ఆయన అక్కడొకటి వెలిగించి, ఇంకొకటి చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అయిపోయేదాకా నిలబడేవాడు. మైనం చేతి మీద పడేది.

పోయిన ఎండాకాలం మిషన్ దగ్గర కూర్చునే పోయాడు. ఒళ్లు లోపలి గోడకు ఆనుకుని ఉంది, మిషన్ ఆడుతూనే ఉంది. నేను ఎదురుగా కూర్చుని ఎవరివో హాల్‌టికెట్లు తీస్తూ, ఆ చెంప, ఆ చెవి, ఆ పెన్సిలు చూస్తూనే ఉన్నాను. పని చేసుకుంటున్నాడనే అనుకున్నాను. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో నాకు తెలియదు. అదే నన్ను నిద్ర పోనివ్వదు.

మొన్న వానల్లో ఆలేరు దిక్కు నుంచి ఒకతను పట్టా పాసుబుక్కు జిరాక్సుకు వచ్చాడు. నలభై దాటిన రైతు మనిషి, నెత్తి మీద తువ్వాల. కాగితాలు ఇచ్చాను, తీసుకోడు. గల్లా మీదికే చూస్తున్నాడు.

"గీ బొమ్మ ఎవలిదమ్మా?"

"మా అమ్మది."

"ముందట్నుంచి గాదు. గిట్ల నిలవడి సూస్తె మా అమ్మ లెక్కుంది" అని చెప్పి, అన్నందుకు సిగ్గుపడ్డట్టు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మా అమ్మ గా కరోనాల పోయింది. పట్నం దవాఖానల."

జిరాక్స్ మిషన్ మూత మీద పెట్టిన చెయ్యి నాకు తీయబుద్ధి కాలేదు. "మొకం సూసిన్రా?" అని అడిగాను.

"దూరంకెంచి జర సూపిచ్చిన్రు. పక్కకెంచి. అనుమానమే ఉండె. ఎనక మస్తు మంది. 'అవు' అన్న." తువ్వాల మళ్లీ నెత్తికి చుట్టుకున్నాడు. "గప్పట్సంది మా అమ్మను యాది చేస్కుంటె గా సూపిచ్చిన మొకమే అడ్డమొస్తది. అమ్మది రాదు. ఇగో, ఇయ్యాల గీ బొమ్మల మా అమ్మ కనవడ్డది."

"గా దవాఖానల సూపిచ్చిన మొకం ఎట్లుంటుండె?" అని అడిగింది నేనేనా అనిపించింది. అన్న గొంతే అడిగినట్టుంది. చెడిపోయిన జిరాక్స్ కాగితం ఒకటి తిప్పి, పెన్ను ఇచ్చాను.

నాకు గీయరాదమ్మా అంటూనే గీశాడు. నుదురు గుండ్రంగా. ముక్కు చప్పిడీ కాదు, పొడుగూ కాదు, కొస మాత్రం కొంచెం పైకి. కింది పెదవి దగ్గర ఆగి, దాన్ని పంటి కింద పట్టినట్టు లోపలికి లాగాడు. నవ్వు ఆపుకునేటప్పుడు వదిన అట్లాగే పట్టేది. ఎన్నిసార్లు అడిగినా నా నోటికి రాని మొహం, వంకర గీతల్లో కూడా ఒక్క చూపుకే దొరికింది. ఎదుటి దుకాణం షటర్ దించి ఉంది. ఈ కాగితాన్ని పెంచి ఎవరికివ్వను, తగ్గించి ఎవరికివ్వను? నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

"మీకు తెలుసా ఆమె?" అన్నాడు.

"మా వదిన."

అతను గల్లా అంచు పట్టుకున్నాడు. "మరి మా అమ్మ యాడున్నది?"

"ఈడ్నే, గుట్ట దిక్కు. ఒంటిగ లేదు. మా అన్నను గూడ ఆమె పక్కకే పెట్టినం."

తల ఊపాడు. కళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. "మీ వదిన మా పొలంల ఉన్నది" అన్నాడు. "మోటరు కాడ, చెల్కల. పొద్దుగాల నీళ్లు పెట్టవోయినప్పుడు రోజు మాట్లాడి వస్త."

"అనుమానం ఉన్నా గూడనా? ఏమని పిలుస్తవు?"

"ఏమని పిలుస్త?" అన్నాడు. "అమ్మా అనే."